సముద్రంలో చేపలెన్ని, ఎంత పట్టాలి? లెక్కలోని అనిశ్చితిపై తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రంలో ఎన్ని చేపలున్నాయో ఎవరూ కళ్లారా చూసి చెప్పలేరు. అయినా ఈ ఏడాది ఎంత పట్టవచ్చో ఎవరో ఒకరు ఒక అంకె చెప్పాల్సిందే. బోట్ల మీద తెచ్చిన అప్పులు, ఐస్ ఫ్యాక్టరీల్లో జీతాలు, ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ల బతుకులు ఆ అంకె మీదే నడుస్తాయి. ఆ అంకె తప్పవచ్చు. ఎంత తప్పవచ్చో ముందే లెక్కలోకి తీసుకుని వేటను నిర్ణయించడం ఎలాగన్నదే ఇక్కడి విషయం. ఉదాహరణల్లో ఎక్కువగా కెనడా తూర్పు తీరపు కాడ్ చేప కనిపిస్తుంది. ఈ విషయంలో ప్రపంచం నేర్చుకున్నదాంట్లో చాలా భాగం అక్కడ దెబ్బతిని నేర్చుకున్నదే. మన తీరానికి సంబంధం ఉన్న చోట మన సంగతులూ రాశాను.

'నిల్వ' అంటే ఏమిటి? ఒక జాతి అంటే ఒకే నిల్వా?

కాదు. ఒకే జాతి చేపలు వేర్వేరు చోట్ల గుడ్లు పెట్టుకుంటూ, ఒకదానితో ఒకటి పెద్దగా కలవకుండా బతుకుతుంటే వాటిని వేర్వేరు నిల్వలుగా చూస్తారు. కేరళ తీరంలో దొరికే నూనె కవళ్లు, మన తీరంలో దొరికే నూనె కవళ్లు ఒకటే జాతి. కానీ అక్కడ తగ్గితే ఇక్కడి నుంచి వెళ్లి నింపుతాయన్న భరోసా ఏమీ లేదు. ఆ గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే మొదటి అనిశ్చితి మొదలవుతుంది.

కనిపించని చేపల్ని ఎలా లెక్కపెడతారు?

ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది సర్వే ఓడ. ఏటా అదే కాలంలో, అదే రకం వలతో, చీటీలు తీసినట్టు ఎంచుకున్న చోట్లకు వెళ్లి వల లాగుతారు. పడ్డ చేపల్ని తూచి, కొలుస్తారు. చేపలు బాగా దొరికే చోటు తెలిసినా సరే, చీటీలో రాకపోతే అక్కడికి వెళ్లకూడదు. సర్వే ప్రాణమంతా ఆ నియమంలోనే ఉంది.

రెండోది, వేటకు వెళ్లిన బోట్లు తెచ్చిన సరుకు, అందుకు పట్టిన రోజులు.

మూడోది వయసు. చేప తలలో చెవి దగ్గర చిన్న రాయిలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి. ఏ వయసు చేపలు ఎన్ని పడుతున్నాయో ఏటేటా చూస్తూపోతే, ఐదేళ్ల కిందట పుట్టినవాటిలో ఇంకా ఎన్ని మిగిలాయో ఊహించవచ్చు. ఈ మూడింటినీ కలిపి ఒక గణిత నమూనాలో వేస్తే ఒక అంచనా వస్తుంది.

వయసు లెక్క తప్పితే ఏమవుతుందో న్యూజిలాండ్‌లో చూశారు. లోతు సముద్రంలో ఉండే ఆరెంజ్ రఫీ అనే చేపను 1980లలో టన్నులకొద్దీ పట్టారు. అది నూరేళ్లకు పైగా బతుకుతుందని, గుడ్లు పెట్టే ఈడు రావడానికే పాతికేళ్లకు అటూ ఇటూ పడుతుందని తర్వాత తెలిసింది. అంత నెమ్మదిగా పెరిగే చేపను త్వరగా పెరిగే చేపలా పట్టేశారన్నమాట.

ఒడ్డుకు వచ్చిన చేపల్ని లెక్కపెడితే సరిపోదా?

మన దేశంలో చేప ఒడ్డుకు చేరే చోట్ల లెక్క చాలా పద్ధతిగా జరుగుతుంది. 1947లో మొదలై, ఇప్పుడు కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్‌ఆర్‌ఐ, తీరమంతా రేవులు, హార్బర్లు, రోజులు నమూనాగా ఎంచుకుంటుంది. ఆ రోజు వచ్చిన బోట్లను చూసి, తూచి మొత్తం అంచనా కడుతుంది. 2023లో దేశం మొత్తం మీద ఒడ్డుకు చేరింది సుమారు 35.3 లక్షల టన్నులు.

ఈ లెక్క ఎంతో విలువైనది. కానీ ఇది మనం తీసినదాని లెక్క. మిగిలినదాని లెక్క వేరు. బ్యాంకులోంచి ఈ నెల ఎంత తీశామో తెలిస్తే ఖాతాలో ఎంత ఉందో తెలిసిపోదు కదా. వేట పెరిగితే చేపలు పెరిగాయని అర్థం కావచ్చు, బోట్లు పెరిగాయనీ కావచ్చు.

వల ఇంకా నిండుతోందంటే చేపలు బాగున్నట్టే కదా?

ఈ ఒక్క నమ్మకం ఎన్నో నిల్వల్ని ముంచింది. గుంపులుగా తిరిగే చేపలు సంఖ్య తగ్గినంత మాత్రాన గుంపు కట్టడం మానవు. మిగిలినవన్నీ తమకు నచ్చిన కొద్ది చోట్లకు చేరతాయి. బోటు నేరుగా అక్కడికే వెళ్తుంది. చివరి గుంపు దాకా వల నిండుతూనే ఉంటుంది.

దీనికి తోడు బోట్లు ఏటేటా మెరుగవుతాయి. ఇంజిన్ పెద్దదవుతుంది, జీపీఎస్ వస్తుంది, నీటి కింద చేపల గుంపును శబ్దంతో పసిగట్టే ఎకోసౌండర్ వస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడిని, నీటిలోని పచ్చదనాన్ని చూసి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు చెబుతుంది. వెతుకులాటలో కాలిపోయే డీజిల్‌ను మిగిల్చే మంచి సేవ అది. లెక్కలు కట్టేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ల కిందట రోజుకు వంద కిలోలు తెచ్చిన బోటు ఇంత సాయం అందాక కూడా వంద కిలోలే తెస్తోందంటే, చేపలు తగ్గినట్టు.

న్యూఫౌండ్‌లాండ్ కాడ్ కథ ఏమిటి? అందరూ దాని గురించే ఎందుకు మాట్లాడతారు?

న్యూఫౌండ్‌లాండ్ కెనడా తూర్పు కొసన ఉన్న పెద్ద ద్వీపం. 1497లో జాన్ కాబట్ ఓడ ఆ వైపు వెళ్లిన తర్వాత ఐరోపా ఓడలు శతాబ్దాల పాటు అక్కడి కాడ్ కోసం వస్తూనే ఉన్నాయి. చేపను ఓడలోనే గడ్డకట్టించే విదేశీ ట్రాలర్లు దిగాక, 1968లో ఒక్క ఏడాదిలో ఉత్తర కాడ్ అని పిలిచే అక్కడి నిల్వ నుంచి సుమారు 8 లక్షల టన్నులు పట్టేశారు. నిల్వ కుంగింది. 1977లో కెనడా 200 నాటికల్ మైళ్ల హద్దు గీసుకుని విదేశీ ఓడల్ని చాలావరకు బయటికి పంపింది. ఇక మన చేప మన చేతిలో ఉంది, నిల్వ కోలుకుంటుంది అని అక్కడివాళ్లు నమ్మారు. ఏటా ఉన్నదాంట్లో ఐదో వంతు కంటే కాస్త తక్కువే పట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు.

లక్ష్యం జాగ్రత్తగానే ఉంది. చిక్కంతా ఆ 'ఉన్నది' ఎంతో తెలియడంలో వచ్చింది. చేతిలో రెండు కొలతలున్నాయి. సర్వే ఓడ చూపే అంకె ఒక ఏడాది పైకి, ఒక ఏడాది కిందికి ఊగేది. వ్యాపార ట్రాలర్ల రోజువారీ దిగుబడి మాత్రం నిలకడగా పెరుగుతూ కనిపించేది. ఊగే అంకె కంటే నిలకడైన అంకెను నమ్మడం మనిషి స్వభావం. 1980లలో చాలాకాలం ఆ రెండింటినీ కలిపి చూసి నిల్వ పెరుగుతోందనుకున్నారు. 1986 సర్వేలో అసాధారణంగా ఎక్కువ చేపలు పడటంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది.

ఆ రోజుల్లోనే చిన్న పడవల్లో తీరం దగ్గర వేటాడేవాళ్లు చేప తగ్గిపోతోందని, దొరికేది కూడా చిన్నదైపోతోందని మొత్తుకున్నారు. లోతుల్లో మిగిలిన గుంపుల మీద ట్రాలర్లు తిరుగుతున్నాయి. తీరానికి రావాల్సిన చేప రావడం లేదు. ఆ మత్స్యకారుల సంఘం 1986లో సొంతంగా ఒక సమీక్ష చేయించింది. ప్రభుత్వ అంచనాలు నిజానికి మించి ఉన్నాయని అందులో తేలింది. దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

1989 నాటికి ప్రభుత్వ శాస్త్రవేత్తలే లెక్క తప్పిందని గుర్తించారు. పెట్టుకున్న లక్ష్యం ప్రకారం నడవాలంటే కోటాను 1,25,000 టన్నులకు దించాలన్నారు. ఒక్కసారిగా అంత కోస్తే ఫ్యాక్టరీలు మూతపడతాయని భయపడి ప్రభుత్వం 2,35,000 టన్నులకు అనుమతిచ్చింది. ఆ ఏళ్లలో నిజంగా పట్టింది అనుకున్న వాటాకు రెట్టింపు పైమాటేనని తర్వాతి లెక్కలు చెప్పాయి. 1992 జులై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ వేట నిలిపివేతను ప్రకటించారు. సుమారు 30 వేల మందికి ఒక్కసారిగా పని పోయింది. నిలిపివేత రెండేళ్లకే అన్నారు.

తప్పంతా శాస్త్రవేత్తలదేనా?

అలా అనుకోవడం అన్యాయం. అదే కాలంలో ఆ సముద్రం బాగా చల్లబడింది. కాడ్ తినే కేపలిన్ అనే చిన్న చేప కూడా పడిపోయింది. కాడ్ కూలడంలో చలి వాటా ఎంత, వేట వాటా ఎంత అన్న వాదన ఈనాటికీ నడుస్తోంది. నాకు బాధ కలిగించేది మరొకటి. లెక్క తప్పవచ్చన్న మాట శాస్త్రవేత్తల గదిలో ఉంది. కోటా నిర్ణయించే గదికి వచ్చేసరికి ఒక్క అంకె మాత్రమే మిగిలింది. ఆ అంకె చుట్టూ ఉన్న అనుమానం దారిలోనే రాలిపోయింది.

అనిశ్చితి అంటే డేటా తక్కువగా ఉండటమేనా?

అదొక్కటే కాదు. డేటా ఎంత ఉన్నా పోని అనిశ్చితి కూడా ఉంది. ఒక పెద్ద ఆడ కాడ్ లక్షలకొద్దీ గుడ్లు పెడుతుంది. వాటిలో పిల్లలై బతికేవెన్నో ఆ ఏటి నీటి వేడి, మేత, గాలి నిర్ణయిస్తాయి. ఒక ఏడాది పంట బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాతి నాలుగేళ్లు ఏమీ ఉండదు. దీన్ని ఏ సర్వే ముందుగా చెప్పలేదు.

కొలతలో వచ్చే తేడా వేరు. సర్వే వల ఒక గుంపు మీద పడితే అంకె ఎగురుతుంది, పక్కన పడితే పడిపోతుంది.

నమూనాలోనే దాక్కున్న ఊహలు వేరు. వేట వల్ల కాకుండా జబ్బు వల్లో, పెద్ద చేపల నోట పడో, ముసలితనం వల్లో ఏటా ఎన్ని చేపలు చస్తాయి? కాడ్ విషయంలో దశాబ్దాల పాటు 0.2 అనే అంకె వాడారు. అంటే వేట లేకున్నా ఏటా సుమారు 18 శాతం పోతాయని. అది కొలిచి రాసిన అంకె కాదు, ఒప్పుకున్న అంకె. అది నిజానికి రెట్టింపు ఉంటే పైనున్న లెక్కంతా కదిలిపోతుంది.

చివరగా, కాగితం మీది కోటా, నీళ్లలోని వేట ఒకటి కాకపోవచ్చు. దక్షిణ బ్లూఫిన్ అనే ఖరీదైన ట్యూనా మీద 2006లో జపాన్ మార్కెట్ లెక్కల్ని సమీక్షించారు. రికార్డుల్లో చూపినదానికంటే చాలా ఎక్కువ సరుకు ఏళ్ల తరబడి అమ్ముడైందని తేలింది. జపాన్ కోటా సగానికి తగ్గింది. అప్పటిదాకా ఆ తప్పుడు అంకెలతోనే నమూనాలు నడిచాయి.

ఇంత అనుమానం ఉన్నప్పుడు కోటాకు ఒక అంకె ఎలా పెడతారు?

అమెరికా పసిఫిక్ తీరంలో పాటించే పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. అందులో ఎవరు ఏం నిర్ణయిస్తున్నారో బయటికి స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక నిల్వ నుంచి ఈ ఏడాది 1,00,000 టన్నులు దాటి పడితే అతివేట అవుతుందని అంచనా వచ్చిందనుకుందాం. ఇది మధ్య అంకె. అసలు హద్దు దీనికంటే ఎక్కువ ఉండే అవకాశం సగం, తక్కువ ఉండే అవకాశం సగం. సరిగ్గా లక్ష టన్నులు పట్టామంటే బొమ్మా బొరుసా వేసినట్టే. అందుకే ముందుగా ఒక ప్రశ్న వేసుకుంటారు: హద్దు దాటే ప్రమాదాన్ని ఎంత వరకు ఒప్పుకుంటాం? అక్కడి మత్స్య మండలి 45 శాతానికి మించి ఒప్పుకోదు.

రెండో ప్రశ్న, అంచనా ఎంత గట్టిది? మంచి డేటా ఉన్న నిల్వలు మొదటి తరగతి, మధ్యరకంవి రెండు, పేరుకే డేటా ఉన్నవి మూడు. తరగతి దిగేకొద్దీ అంకె చుట్టూ ఉండే అనుమానపు వెడల్పును రెట్టింపు చేస్తారు. ఈ రెండూ కలిపితే కోత ఎంతో వచ్చేస్తుంది. ప్రమాదం 45 శాతం దగ్గర పెట్టుకుంటే మొదటి తరగతి నిల్వ నుంచి సుమారు 94 వేల టన్నులు పట్టవచ్చు. అదే మధ్య అంకె ఉన్న రెండో తరగతి నిల్వకు 88 వేలు, మూడో తరగతికి 78 వేలు. ప్రమాదాన్ని 40 శాతానికి తగ్గిస్తే ఈ అంకెలు 88, 78, 60 వేలకు దిగుతాయి.

అంచనా ఎంత గట్టిదో చెప్పడం శాస్త్రవేత్తల పని. ఎంత ప్రమాదం ఒప్పుకోవాలో చెప్పడం ప్రజలకు జవాబు చెప్పాల్సినవాళ్ల పని. న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ రెండూ కలగాపులగమయ్యాయి. ఇక్కడ వేర్వేరుగా ఉన్నాయి. పైగా డేటా బాగుచేసుకుంటే కోత తగ్గుతుంది కాబట్టి, వేట వివరాలు నమోదు చేసే లాగ్‌బుక్ నిజాయితీగా రాయడం మత్స్యకారుడికే లాభమవుతుంది.

పూర్తిగా తెలిసే దాకా వేటలో జోక్యం చేసుకోకుండా, నియమాలు పెట్టకుండా ఉండొచ్చుగా?

వేట ఆపకుండా, నియమాలు మాత్రం వాయిదా వేయడమే మామూలుగా జరిగేది. 1995 నాటి ఐక్యరాజ్యసమితి చేపల నిల్వల ఒప్పందం ఆ దారి మూసింది. సమాచారం ఎంత తక్కువైతే అంత ఎక్కువ జాగ్రత్త పడాలని, చాలినంత సమాచారం లేదన్న కారణంతో రక్షణ చర్యల్ని వాయిదా వేయకూడదని అందులో రాశారు. దేశాల హద్దులు దాటి తిరిగే చేపలకు వర్తించే ఈ ఒప్పందంలో భారత్ 2003లో చేరింది.

'ముందే ఒప్పుకున్న సూత్రం' అంటారే, అదేమిటి?

అంకె చూశాక ఏం చేయాలో మాట్లాడుకుంటే ప్రతిసారీ గొడవే. అంకె రాకముందే, ఇంత వస్తే ఇంత పడదాం, ఇలా దిగితే ఇంత తగ్గిద్దాం అని సూత్రం రాసుకుంటే ఆ గొడవ చాలావరకు ఉండదు. ఆ సూత్రం మంచిదో కాదో ముందే కంప్యూటర్‌లో పరీక్షిస్తారు. వందలకొద్దీ ఊహా సముద్రాలు తయారుచేస్తారు. ఒకదాంట్లో చేపలు త్వరగా పెరుగుతాయి, ఒకదాంట్లో నెమ్మదిగా. ఒకదాంట్లో సర్వే ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది, ఇంకోదాంట్లో దొంగ వేట నడుస్తుంది. ఒక్కో సముద్రంలో ఆ సూత్రాన్ని ముప్పై, నలభై ఏళ్లు నడిపి చూస్తారు. ఎక్కువ సముద్రాల్లో నిల్వనూ, జీవనాధారాన్నీ నిలబెట్టిన సూత్రాన్ని ఎంచుకుంటారు. ఒక్క సముద్రంలో అద్భుతంగా పనిచేసి మిగతావాటిలో కూలిపోయే సూత్రం పనికిరాదు. మన అసలు సముద్రం వాటిలో ఏదో మనకు తెలియదు కదా.

దక్షిణ బ్లూఫిన్ ట్యూనాకు 2011లో ఈ దారి పట్టారు. అప్పటికి గుడ్లు పెట్టే చేపల నిల్వ, వేట మొదలుకాని కాలంతో పోలిస్తే 5 శాతం దగ్గరకు పడిపోయింది. 2035 నాటికి 70 శాతం సంభావ్యతతో 20 శాతానికి చేర్చాలన్నది లక్ష్యం. 2020లో చేసిన అంచనాలోనే నిల్వ 20 శాతం దగ్గర కనిపించింది. 2011కి ముందు 9,449 టన్నులకు పడిపోయిన మొత్తం కోటాను 2024 నుంచి 2026 వరకు ఏటా 20,647 టన్నులుగా పెట్టారు. జపాన్, ఆస్ట్రేలియా సహా ఏళ్ల తరబడి కీచులాడుకున్న దేశాలు ఈ సూత్రానికి కట్టుబడటం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

అనిశ్చితిని నిజంగా తగ్గించే కొత్త పద్ధతులేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. వాటిలో ఒకటి వింటే ముచ్చటేస్తుంది. పైన చెప్పిన ట్యూనాలోనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెద్ద చేపల నుంచి, పిల్ల చేపల నుంచి మొత్తం 14,000 కండ ముక్కలు సేకరించి డీఎన్‌ఏ పోల్చారు. తల్లీపిల్లలు, తండ్రీపిల్లలు అయిన జంటలు ఎన్ని దొరుకుతాయో వెతికితే 45 దొరికాయి.

తర్కం తేలిక. చిన్న పల్లెటూళ్లో దారినపోయే పిల్లాడిని ఆపి, దారినపోయే పెద్దాయన్ని ఆపితే వాళ్లు తండ్రీకొడుకులయ్యే అవకాశం కాస్త ఉంటుంది. అదే పని హైదరాబాద్‌లో చేస్తే దాదాపు ఉండదు. జంటలు ఎంత తక్కువ దొరికితే పెద్ద చేపల జనాభా అంత ఎక్కువన్నమాట. బోట్లు ఎంత తెచ్చామని రాశాయో దీనికి అక్కరలేదు, కాబట్టి తప్పుడు రికార్డులు దీన్ని పాడుచేయలేవు. నిల్వ అనుకున్నదానికంటే కొంత మెరుగ్గా ఉందని ఈ లెక్కలో తేలింది. అనిశ్చితి తగ్గితే వచ్చే వార్త ఎప్పుడూ చెడ్డదే కానక్కర్లేదు.

జాగ్రత్త పేరుతో కోత పెడితే మత్స్యకారుల పొట్ట కొట్టినట్టు కాదా?

కోత ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో తగ్గిన కూలీయే. దాన్ని తేలిగ్గా మాట్లాడేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. అయితే రెండు తప్పులు సమానం కావు. అవసరం లేకుండా తక్కువ పడితే ఆ చేపలో ఎక్కువ భాగం నీళ్లలోనే ఉండి వచ్చే ఏడు మరికాస్త బరువెక్కి దొరుకుతుంది. అవసరం ఉండీ తగ్గించకపోతే నష్టం కొన్నిసార్లు ఒక తరం మీద పడుతుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో 1989లో కోటా తగ్గించి ఉంటే బాధపడేవాళ్లు, 1992లో మొత్తం పోగొట్టుకున్నవాళ్లు ఒకే మనుషులు.

కాకపోతే జాగ్రత్తకయ్యే ఖర్చంతా పడవ మీదున్నవాడే భరించాలనడం న్యాయం కాదు. అందరికీ చెందిన నిల్వను కాపాడటానికి కొందరు పని మానుకుంటున్నప్పుడు వాళ్లకిచ్చే భృతి సరైన సమయానికి, సరిపడా అందాలి.

మన తీరంలో ఇలాంటి కోటాలున్నాయా?

మన సముద్ర వేట జాతుల వారీ కోటాల మీద నడవదు. బోట్ల లైసెన్సులు, వల కన్ను సైజు, దూరపు హద్దులు, వేట నిషేధ కాలం, వీటితోనే నడుస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు 61 రోజుల నిషేధం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలానికి ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలు చేశారు.

నిషేధ కాలానికి పెద్ద గుణం ఒకటుంది. సముద్రంలో ఎన్ని చేపలున్నాయో తెలియకపోయినా పనిచేస్తుంది. ఒకే వలలో పాతిక రకాలు పడే మన వేటకు, పరాయి దేశాల్లో ఒకే జాతి మీద నడిచే కోటా పద్ధతిని యథాతథంగా తెచ్చి పెడితే కుదరదు. విశాఖ హార్బర్‌లో ఒక్క బోటు దించే సరుకు చూస్తే ఈ మాట అర్థమవుతుంది: సావళ్లు, రొయ్యలు, కానాగడతలు, పేరు తెలియని చిల్లర చేప, అన్నీ ఒకే కుప్ప.

కానీ నిషేధం ఒక్కటే సరిపోదు. అన్ని జాతులూ ఆ 61 రోజుల్లోనే గుడ్లు పెట్టవు. మిగతా పది నెలల్లో బోట్ల బలం పెరుగుతూపోతే రెండు నెలల విశ్రాంతి ఫలం కరిగిపోతుంది. సర్వే అంకె పడిపోయిన ఏడాది వేటను కొంత తగ్గించేలా, పెరిగిన ఏడాది వదిలేలా ఒక సూత్రం కూడా తోడైతే బాగుంటుందని నా అభిప్రాయం.

'మన నిల్వల్లో 91 శాతం ఆరోగ్యంగా ఉన్నాయి' అని చదివాను. నమ్మొచ్చా?

2022లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ 135 నిల్వల్ని పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని చెప్పింది. సంతోషించాల్సిన వార్తే. చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. పరిశీలించని నిల్వల మాటేమిటి? 'ఆరోగ్యం' గీతకు కాస్త పైనున్నవెన్ని, చాలా పైనున్నవెన్ని? గీతకు అంగుళం పైనున్న నిల్వ, లెక్కలోని తేడా వల్ల గీత కిందే ఉండవచ్చు.

డేటా దాదాపు లేని చేపల్ని ఏం చేయాలి?

ఐరోపా జలాలకు సలహాలిచ్చే ఐసీఈఎస్ అనే అంతర్జాతీయ మండలి చాలాకాలం ఒక సులువైన సూత్రం వాడింది. గత రెండేళ్ల సర్వే సగటును, అంతకుముందు మూడేళ్ల సగటుతో పోల్చు. పెరిగితే కోటా పెంచు, తగ్గితే తగ్గించు. కానీ ఒక్కసారికి 20 శాతం మించి మార్చవద్దు. నిల్వ స్థితి అసలు తెలియకపోతే మరో 20 శాతం ముందుజాగ్రత్తగా కోసిపెట్టు. నమూనాలు లేవు, పెద్ద గణితం లేదు. ఒక నిజాయితీ గల సర్వే ఉంటే చాలు.

గోదావరి పులసకు ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి, కానీ ఇంకా కష్టంగా. సముద్రంలో విలసగా ఉండి, వరద నీటికి ఎదురెక్కి గోదావరిలో పులస అవుతుంది. సముద్రంలో ఒకరు, నదిలో ఇంకొకరు పడతారు. దారిలో ధవళేశ్వరం ఆనకట్ట. రెండుచోట్లా లెక్క కలవకుండా నిల్వ గురించి ఏ అంకె చెప్పినా అది ఊహే. గుడ్లతో ఎదురెక్కే చేపకు అంత ధర పలుకుతున్నప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

సముద్రమే వేడెక్కిపోతుంటే పాత లెక్కలు పనికొస్తాయా?

కొంతవరకే. కేరళలో మత్తి అని పిలిచే నూనె కవళ్లు 2012లో 3.9 లక్షల టన్నులు పడ్డాయి. 2021లో 3,297 టన్నులు. 2023లో మళ్లీ 1.38 లక్షల టన్నులకు చేరాయి. మధ్యలో పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కే ఎల్ నినో వచ్చింది, ఈడుకు రాని చిన్న చేపను విపరీతంగా పట్టడమూ జరిగింది. ఇలాంటి చేప విషయంలో ఐదేళ్లకోసారి పెద్ద అంచనా వేసి కూర్చుంటే లాభం లేదు. త్వరగా చూడాలి, త్వరగా మారాలి.

త్వరగా మారడం ఎలాగో పెరూ చాలా నష్టపోయి నేర్చుకుంది. అక్కడి ఆంకోవెటా మన నెత్తళ్లకు చుట్టం. 1970లో కోటీ 20 లక్షల టన్నులకు పైగా పట్టారు. 1972లో ఎల్ నినో వచ్చేసరికి అంత వేటకు అలసిన నిల్వ తట్టుకోలేక, 1973 నాటికి వేట 20 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. ఇప్పుడు ప్రతి సీజన్‌కు ముందు సర్వే చేస్తారు. 2023లో ముందస్తు వేటలో పిల్ల చేపలే ఎక్కువ పడటంతో ఉత్తర, మధ్య తీరంలో మొదటి సీజన్‌ను పూర్తిగా రద్దు చేశారు. ప్రపంచమంతా చేపపిండి ధర ఎగిరింది. పెరూ ఆ నష్టాన్ని కళ్లు తెరిచే భరించింది.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఇప్పుడు కాడ్ తిరిగి వచ్చిందా?

రెండేళ్లన్న నిలిపివేత 32 ఏళ్లు నడిచింది. చిన్న పడవల పరిమిత వేట మాత్రం మధ్యలో సాగింది. నిల్వ ఇంతకంటే తగ్గితే తీవ్రంగా దెబ్బతిన్నట్టే అని శాస్త్రవేత్తలు పెట్టుకున్న హద్దును ప్రమాద గీత అందాం. 2021 అంచనా ప్రకారం నిల్వ ఆ గీతలో సగం దగ్గరే ఉంది. 2023లో శాస్త్రవేత్తలు 1954 నాటి దాకా పాత డేటా కలిపి, కేపలిన్ మేతను కూడా చేర్చి నమూనాను తిరగరాశారు. ప్రమాద గీత కిందికి దిగింది. 2016 నుంచే నిల్వ ఆ గీతకు పైన ఉందని కొత్త లెక్క చెప్పింది. రెండేళ్లలో సముద్రంలోని చేప అంతగా మారలేదు, లెక్క మారింది.

2024 జూన్‌లో కెనడా ప్రభుత్వం నిలిపివేతను ఎత్తేసి 18,000 టన్నులకు అనుమతిచ్చింది. పెద్ద ట్రాలర్లకూ అందులో వాటా దక్కింది. చిన్న పడవల మత్స్యకారుల యూనియన్ ఆ వాటాను గట్టిగా వ్యతిరేకించింది. 1980లలో చేప తగ్గుతోందని మొదట చెప్పినవాళ్ల పిల్లలు, మనవలు ఆ పడవల మీదే ఉన్నారు.